బంగారు కెమేరా

మా వంశంలో వ్యాపారం చేసి బాగుపడ్డవాళ్లు లేరు. ఆ సంగతి తెలిసి కూడా, రిటైరయిన మరుసటి ఏడాది నేను వ్యాపారంలో దిగాను. ఉప్పూ పప్పూ కాదు, పాత కెమేరాలు.

దీనికంతకూ మూలం మా బావమరిది. 2022 జూన్‌లో ఒకనాటి ఉదయం పేపరు పట్టుకుని ఊడిపడ్డాడు.

"బావగారూ, చూశారా? జర్మనీలో ఒక పాత లైకా కెమేరా వేలంలో కోటీ నలభై నాలుగు లక్షల యూరోలకు పోయింది. మన లెక్కలో వంద కోట్ల పైమాట!"

నిజమే. 1923 ప్రాంతంలో పరీక్ష కోసం పాతిక లోపుగా చేసిన కెమేరాల్లో అదొకటి. లైకాను సృష్టించిన ఆస్కార్ బార్నాక్ సొంతానికి వాడుకున్నది. పైన ఆయన పేరు కూడా చెక్కి ఉందట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడే మా ఆవిడ చీటీ డబ్బు నలభై వేలు చేతికొచ్చింది. అరిగిపోయిన గాజుల జత మార్పించుకోవాలని రెండేళ్లుగా కట్టిన చీటీ అది.

"ఏడాదిలో రెట్టింపు చేసి ఇస్తాను" అన్నాను.

"కెమేరా ఎక్కడైనా పిల్లల్ని పెడుతుందాండీ?" అంది. అంటూనే డబ్బిచ్చింది. అదే నన్ను తర్వాత ఎక్కువ బాధపెట్టింది.

పాత సామాన్ల వ్యాపారి ఒకాయన నాకోసమే దాచినట్టు ఒక లైకా తీశాడు. ఒళ్లంతా బంగారు రంగు. పైన గద్ద బొమ్మ. యుద్ధకాలంలో జర్మన్ వైమానిక దళం కోసం చేసిందన్నాడు. బేరం కూడా సరిగ్గా ఆడకుండా తెచ్చుకున్నాను. పట్టుబట్టలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. మనవడు ముట్టుకుంటానని ఏడిస్తే కసిరాను.

రెండు వర్షాకాలాలు గడిచాయి. తీసి చూస్తే లెన్సులో సాలెగూడులాంటి బూజు. గుండె గుభేలుమని బెజవాడలో కెమేరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను.

ఆయన లెన్సు విప్పి లోపలికి చూపించాడు. "మాస్టారూ, అసలు లైకా అయితే ఇక్కడ గుండ్రటి చిన్న చక్రం ఉండాలి. ఇందులో చూడండి, ముక్కులాంటి రేకు ఉంది. ఇది సోవియట్ కెమేరా. లైకాను చూసి 1934 నుంచి ఖార్కివ్‌లో ఫెడ్ అనే పేరుతో చేశారు. తర్వాత ఎవరో ఆ పేరు గీకేసి, లైకా అని చెక్కి, బంగారు రంగు పూశారు. ఇలాంటివి కొల్లలు."

నా ముఖం చూసి జాలిపడి కాబోలు, ఇంకో మాట చెప్పాడు. "అసలుదైనా సులువు కాదండీ. నంబరు సరిపోవాలి. భాగాలన్నీ పుట్టినప్పటివే అయుండాలి. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కాగితాలుండాలి. వేలంవాళ్లు అటూ ఇటూ కమీషన్ తీసుకుంటారు. వాడకుండా పెడితే షట్టరు బిగుస్తుంది, మన తేమకు లెన్సు బూజెక్కుతుంది. బంగారానికైతే ఈ బాధలేవీ లేవు."

ఆ చివరి మాట మా ఆవిడ వినకపోవడం నా అదృష్టం. ఆయన లెన్సు తుడిచి, షట్టరు సరిచేసి, "ఫిల్మ్ వేస్తే బొమ్మలు చక్కగా వస్తాయి" అని చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. బంగారం ధర అప్పటికే ఎంత పెరిగిందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ ఊసెత్తలేదు. కాసేపాగి అడిగింది:

"ఆ వంద కోట్ల కెమేరా ఆయనెవరో బీరువాలో దాచాడా?"

"లేదు. పెళ్లాం బిడ్డల ఫోటోలు తీసుకున్నాడు."

"మరి మీరు?"

మర్నాడే ఫిల్మ్ తెప్పించాను. మనవడి చేతికిచ్చి నొక్కడం నేర్పాను. కడిగించి తెస్తే ముప్ఫయ్యారింట్లో సగం మసకలే. ఒకటి మాత్రం కుదిరింది. వంటింటి గడపలో చేట పట్టుకుని మా ఆవిడ నవ్వుతోంది. చేతికి ఆ అరిగిన గాజులే.

ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసుకుంది.

"నలభై వేల ఫోటో! మీ వంశంలో ఇంత ఖరీదైన ఫోటో ఎవరికీ ఉండి ఉండదులెండి" అంది.

గాజుల కోసం ఈసారి చీటీ నేను కడుతున్నాను.