భుజం ఆగుతదా?

మా అత్తమ్మది ఎల్లారెడ్డి దగ్గర, చేను మధ్యలో ఇల్లు. మామ పోయాక ఒక్కతే ఉంటోంది. మొన్న కామారెడ్డి బస్టాండులో అడిగింది: "తుపాకి తెచ్చుకుందామంటున్న బిడ్డా, నా భుజం ఆగుతదా?"

సినిమాల్లో హీరో ఒంటిచేత్తో పేలుస్తాడు. ఆ సీన్లు రాసేవాళ్లకి న్యూటన్ మూడో సూత్రం గుర్తుండదేమో. గుళ్లు ముందుకెళ్లిన ఊపే వెనక్కొచ్చి భుజాన్ని తంతుంది. తుపాకి బరువుగా ఉంటే తన్నుడు తగ్గుతుంది. చిక్కేంటంటే, కొత్తవాళ్లకి చేతిలో తేలిగ్గా ఉన్నదే నచ్చుతుంది. 12 బోర్ కన్నా 20 బోర్ మెత్తన అంటారు గానీ, మరీ తేలికైన 20 కన్నా, తక్కువ మందున్న తూటా వేసిన బరువైన 12 నయం కావచ్చు. మడమకి రబ్బరు ప్యాడ్ ఉండాలి, భుజానికి గట్టిగా ఆనించాలి.

1959 ఆయుధాల చట్టం ఆత్మరక్షణకి కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న తుపాకి గురించి చెబుతుంది. పంట కాపలాకైతే మూతిలోంచి మందు కూరేది. 2016 రూల్సు వచ్చాక శిక్షణ కూడా కావాలి.

అంతా విని అత్తమ్మ, "నడిరాత్రి చప్పుడైతే పందో మనిషో ఎట్ల తెలుస్తది?" అంది.

దానికి నా దగ్గర లెక్క లేదు. వాకిట్లో రెండు లైట్లు పెట్టించాం. దరఖాస్తు ఇంకా అల్మారాలోనే ఉంది.