అనంతపురంలోనూ సముద్రముంది... చూశారా?

తెలుగు హీరో ప్రేమలో పడ్డాడంటే విమానం ఎక్కాల్సిందే! పల్లవి హైదరాబాదులో అందుకుంటాడు, చరణం వచ్చేసరికి ఏ మధ్యధరా సముద్రం ఒడ్డునో తేలతాడు. 2016లో ‘నాన్నకు ప్రేమతో’ మనల్ని స్పెయిన్ తిప్పింది. 2022లో ‘రాధేశ్యామ్’ ఇటలీ చూపించింది. నీలం నీళ్లు, తెల్లటి ఇళ్లు, ఐస్ క్రీం తింటూ షికార్లు చేసే కుటుంబాలు... ‘సెలవులంటే అవీ!’ అని నిట్టూర్చని కుర్రకారు ఉంటారా?

మరి మన అనంతపురం కుర్రాడి మాటేమిటి? వాడు ఊరి పేరు చెబితే చాలు, కోస్తావాళ్లు జాలిగా ఓ గ్లాసు మంచినీళ్లు అందిస్తారు! ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు బంగాళాఖాతం నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి అలిసిపోతాయి. మధ్యలో ఈ పీఠభూమి ఆకాశంకేసి చూస్తూ కూర్చుంటుంది.

అయితే ఒక తమాషా చెప్పనా? కోట్లమంది సెలవులకు ఎగబడే గ్రీసు రాజధాని ఏథెన్సులో ఏడాదికి పడే వాన 400 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే! మనకంటే తక్కువ! కాకపోతే అక్కడ వాన చలికాలంలో పడి నేలలోకి ఇంకుతుంది. మన వాన ఎండకు ఆవిరైపోతుంది. వాళ్లకు పక్కన సముద్రముంది. మనకు లేదు.

లేదా? ఆగండాగండి!

పేరులోనే సముద్రం

అనంతపురం పట్నాన్ని ఆనుకుని ఉన్న ఊరి పేరేమిటి? బుక్కరాయసముద్రం! ఇక్కడి చెరువును 1364లో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయారు కట్టించాడని చరిత్ర చెబుతోంది. కట్టకు ఈ కొసన బుక్కరాయసముద్రం, ఆ కొసన అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. ఒకటి సముద్రం, మరొకటి సాగరం! నీటిచుక్క విలువ తెలిసినవాళ్లు చెరువుకు పెట్టుకున్న పేర్లివి.

ఈ కట్టకో కథ ఉంది. ఏ సినిమా క్లైమాక్సుకూ తీసిపోదు. ఒకసారి కుంభవృష్టి కురిసి కట్ట తెగబోయిందట. బసిరెడ్డి ఇంటి కోడలు బలైతే తప్ప ఊరు నిలవదని పలికిందట గ్రామదేవత. ఆ కోడలి పేరు ముసలమ్మ. పేరే ముసలమ్మ గానీ పడుచుపిల్ల! నిండు సంసారం వదిలి నీళ్లలోకి నడిచిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆమె మీదే ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశారు. సాయంత్రం ఐదింటికి పిల్లలతో ఈ కట్ట మీదికి వెళ్లి ఈ కథ చెప్పి చూడండి. బీచిలో ఇసుక గూళ్లు కట్టినప్పటికంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు!

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఈ గడ్డమీద చూడదగ్గవాటిలో చాలా భాగం ఎండను తట్టుకోవడానికి మనిషి చేసుకున్నవి, కాపాడుకున్నవి. చెరువు, మండపం, చెట్టు. రండి, ఒక్కో ఆదివారం ఒక్కో దారి!

మొదటి ఆదివారం: పెనుకొండ, లేపాక్షి

దక్షిణానికి బండి కట్టండి. ముందు పెనుకొండ. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని ఇదే. గగనమహల్ చూసుకుని, ఉగ్గాని–మిరపకాయ బజ్జీ టిఫిన్ లాగించి, హిందూపురం మీదుగా లేపాక్షి చేరండి. అన్నట్టు హిందూపురం మన సినిమావాళ్లకు అత్తారిల్లులాంటిది! ఎన్టీ రామారావుగారు 1985 నుంచి వరుసగా మూడుసార్లు ఇక్కడే గెలిచారు. 2014 నుంచి బాలకృష్ణ గెలుస్తున్నారు.

లేపాక్షిలో మొదట పలకరించేది నంది. ఒకే రాయి. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు గుడి కట్టించారు. నేలకు పూర్తిగా ఆనని స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడం ఇక్కడ పిల్లలకూ పెద్దలకూ ఒకటే సరదా. కానీ మీరు మాత్రం తల పైకెత్తండి. కప్పు నిండా రంగుల బొమ్మలు! తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చిందంటాం. ఈ చిత్రకారులు నాలుగు శతాబ్దాల ముందే రాతి కప్పుకు సినిమాస్కోప్ వేశారు! ఆ చీరల అంచులు, కొప్పులు చూస్తే ఏ కాస్ట్యూమ్ డిజైనరైనా నోట్సు రాసుకోవాల్సిందే.

కల్యాణమండపం మాత్రం సగంలో ఆగిపోయింది. రాజుకు చెప్పకుండా ఖజానా ఖర్చు పెట్టాడన్న నింద భరించలేక విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని జనం చెప్పుకునే కథ. ఆ ఎర్ర మరకలు ఇవేనని చూపిస్తారు కూడా. కథ నిజమో కాదో గానీ, చెప్పేవాడి గొంతు మాత్రం నిజంగానే వణుకుతుంది.

రెండో ఆదివారం: కదిరి దారిలో

కదిరి నరసింహస్వామిని దర్శించుకుని, దగ్గర్లోని కటారుపల్లిలో వేమన సమాధి చూడండి. 1947లో నాగయ్యగారు ‘యోగి వేమన’గా జీవించారే, ఆ వేమన ఇక్కడే విశ్రమించాడని జనం నమ్మకం. ఆ చిత్ర దర్శకుడు కె.వి.రెడ్డిగారిదీ ఈ సీమే. ఆయన ఊరికి వచ్చే వారం పోదాం.

కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో గూటిబైలు. అక్కడుంది తిమ్మమ్మ మర్రిమాను! 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. కొమ్మల నీడ 19,107 చదరపు మీటర్లు. అంటే ఐదెకరాలకు కాస్త తక్కువ. బయట ఎండ పెళపెళలాడుతుంటే లోపల ఏసీ హాల్లో మ్యాట్నీకి కూర్చున్నట్టుంటుంది.

నేను వెళ్లినరోజు ఊడల మధ్య ఓ కుటుంబం ఫలహారం విప్పింది. ఓళిగలు, రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి. పక్కనే ఓ అవ్వ ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతోంది.

“యాడ్నుంచి వచ్చినారు నాయనా?” అంది అవ్వ.

“బెంగుళూరు నుంచి అవ్వా. మాది ఈడే, తనకల్లు దగ్గర. చేన్లో ఏమీ మిగల్లేదు, పోయినాము” అన్నాడు తండ్రి.

ఏడేళ్ల పిల్లవాడు చుట్టూ చూసి, “ఇందులో అసలు చెట్టు ఏది?” అన్నాడు.

“ఎదుక్కో నాయనా! నేను డెబ్బై ఏండ్లుగా ఎదుకుతానే ఉండా” అని నవ్వింది అవ్వ.

వాడు పరిగెత్తాడు. ఆ తండ్రి నాతో మెల్లగా అన్నాడు: “ఏటా ఒకసారి తీసకొస్తా సార్. లేకుంటే పిల్లోళ్లకు మా ఊరంటే కరువొక్కటే గుర్తుంటుంది.”

ఆ మాట నాకింకా చెవుల్లో ఉంది. కరువు ఈ ఊళ్ల నుంచి మనుషుల్ని తీసుకుపోయిందనేది అందరికీ తెలుసు. ఊరి కథల్ని కూడా తీసుకుపోనివ్వకూడదు కదా! 1995లో సత్యసాయి మంచినీటి పథకం మొదలై, ఏడు వందలకు పైగా పల్లెలకు కుళాయి నీళ్లొచ్చాయి. 2012లో హంద్రీ–నీవా మొదటి దశ మొదలై కృష్ణమ్మ ఇటు తిరిగింది. నీళ్లు తెచ్చుకోవడం నేర్చుకున్న నేల ఇది. పిల్లల్ని కూడా తెచ్చుకుంటే బావుంటుంది.

మూడో ఆదివారం: మాయాబజార్ పుట్టిల్లు

మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డిగారు 1912లో పుట్టింది తాడిపత్రిలో. మహానటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టిందీ అక్కడే! పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర నీరు ఊరుతుందని ఆ పేరు. చుట్టూ ఎండిన ఇసుక, దేవుడి దగ్గర ఊట! శిఖరాలు లేని గోపురాల మీద శిల్పుల ఉలి ఎక్కడా ఖాళీ వదల్లేదు. ఊళ్లోనే చింతల వేంకటరమణస్వామి గుడిలో రాతిరథం. ఇవన్నీ చూస్తూ పెరిగినవాడు మాయాబజార్ తీయక ఏం తీస్తాడు?

అక్కణ్నుంచి సుమారు 30 కిలోమీటర్లు పోతే నంద్యాల జిల్లా బెలుం గుహలు. పొడవు 3,229 మీటర్లు. కె.వి.రెడ్డిగారు 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. ఇక్కడ గుహలో అన్నిటికంటే లోతైన చోటు పేరు పాతాళగంగ! సున్నపురాతిని యుగాల తరబడి తొలిచి ఈ సెట్టింగు వేసింది ఎవరనుకున్నారు? నీళ్లే! 2002 నుంచి లోపలికి మెట్లు, దీపాలు ఉన్నాయి. ఉక్కపోత మాత్రం టిక్కెట్టుతోపాటు ఉచితం.

చివరగా ఒక సలహా. అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి. ఉదయం ఏడింటికల్లా బయల్దేరండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంటర్వెల్! స్పెయిన్ వాళ్లు మధ్యాహ్నం తలుపులు మూసుకుని కునుకు తీస్తారు చూడండి, అచ్చం అలాగే ఏ మండపంలోనో, చెట్టు కిందో నడుం వాల్చండి. మంచినీళ్లు మాత్రం మీరనుకున్నదానికి రెట్టింపు తీసుకెళ్లండి.

స్పెయిన్ ఎప్పుడైనా వెళ్లొచ్చు, నిర్మాత దొరికితే! ఈలోగా ఒక్క ఆదివారం మ్యాట్నీకి సెలవిచ్చి బుక్కరాయసముద్రం కట్ట ఎక్కండి. కెరటాలుండవు, స్టీమర్లుండవు. చెరువులో నీళ్లున్న ఏడాదైతే మీ అదృష్టం. లేని ఏడాదైనా కట్ట ఉంటుంది, కథ ఉంటుంది.