గీతలుంటేనే గిరాకీ

రండి, రండి. కాఫీ ఇప్పుడే దిగింది. ఆ మూల కుర్చీలో మాత్రం కూర్చోకండి, వెనక గోడకి ఓ కొక్కెం ఉంది, తలకి తగులుతుంది. మొన్నటిదాకా దానికి నా బేస్ గిటార్ వేలాడేది. అమ్మేశాను. ఆ గొడవ చెబుదామనే మిమ్మల్ని పిలిచాను. కాఫీ ఓ వంక.

బేస్ అంటే తెలుసుగా? అదేంటి, అలా చూస్తారు? ఇళయరాజా పాటలన్నీ నోటికి వచ్చంటారు, ఆ పాటల అడుగున నడిచేదాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదూ? ఇవాళ ఇంటికెళ్ళి ఏదో ఒకటి పెట్టుకోండి. బాలూనీ జానకమ్మనీ కాసేపు పక్కన కూర్చోబెట్టండి. వయొలిన్లని వరండాలోకి పంపండి. అప్పుడు కింద బొంయ్ బొంయ్‌మంటూ, తన దారిన తాను షికారు కొడుతూ ఒకటి దొరుకుతుంది. అది చెవిలోకి రాదండీ, నేరుగా పొట్టలోకే వస్తుంది. అన్నిటికన్నా లావు తీగని ఊరికే మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. అంత కిందికి మన గొంతులు దిగాలంటే జలుబు చేసినా చాలదు.

నాది ఫెండర్ ప్రెసిషన్, 1978 ది. మరోచరిత్ర వచ్చిన ఏడాది అన్నమాట. రంగు చెప్పనా? పొయ్యిమీద పెట్టి మరిచిపోయిన మినపరొట్టె. అంచులు నల్లగా మాడి, లోపలికొస్తుంటే ఎర్రబడి, నడిమధ్యన బంగారం. అమెరికావాళ్ళు సన్‌బరస్ట్ అంటారు. దానికోసం పాపం సూర్యుణ్ణి లాక్కురావడం ఎందుకు, రొట్టె అంటే పోయేదిగా.

మేం ఉండేది డెట్రాయిట్ పక్కన కదా. 1996లో ఎదురింటి పెద్దాయన ఫ్లోరిడా వెళ్ళిపోతూ గరాజ్ సేల్ పెట్టాడు. నేను పూలకుండీల కోసం వెళ్ళాను. కుండీలు బాగాలేవు. 250 డాలర్లిచ్చి ఇది తెచ్చుకున్నాను. "దీంట్లో మట్టి ఎక్కడ పోస్తావ్?" అన్నారు మా ఆయన.

నవ్వకండి. చిన్నప్పుడు విజయనగరంలో ఆరేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని. వీణకి వాయించే తీగలు నాలుగు, దీనికీ నాలుగే. వీణకి మెట్లు 24, దీనికి 20. నాలుగు తగ్గితే తగ్గాయి, మెట్లు కూర్చోబెట్టే మైనంతో పన్లేదు కదా! బొబ్బిలి వైపు పనస మొద్దుని తొలిచి ఏకాండి వీణ చేస్తారు, ఎక్కడా అతుకుండదు. ఈ లియో ఫెండర్ గారేమో చెక్కనీ మెడనీ వేరువేరుగా కోసి నాలుగు మరలతో బిగించేశాడు. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. గిటార్ వాయించడం రాదు. రేడియో మెకానిక్ బుర్ర కదా, ఏది పాడైతే దాన్ని విప్పి మార్చుకునేలా ఉండాలి! 1951లో ఇది వచ్చేదాకా బేస్ వాయించేవాళ్ళు మనిషిని మించిన డొల్ల వాయిద్యాన్ని మోసుకుంటూ ఊళ్ళు తిరిగేవారు. దానికి మెట్లుండవు, వేలు రవ్వంత జారితే అపస్వరం. దీనికి మెట్లున్నాయి, నొక్కిన చోట కచ్చితంగా ఆ స్వరమే పలుకుతుంది. ప్రెసిషన్ అన్న పేరు అందుకే. మా అమ్మ వచ్చినప్పుడు దీన్ని కిందికీ పైకీ చూసి, "ఏమిటే, తంబురాకి కామెర్లు వచ్చినట్టున్నాయి?" అంది.

మరెందుకు అమ్మావంటారా? భుజమండీ, భుజం. నాలుగున్నర కిలోలు. ఉగాది ఫంక్షన్లో రెండు గంటలు మెడకి తగిలించుకుంటే మర్నాడు దోసెల గరిటె లేవలేదు. 34 అంగుళాల తీగతో ఇక కుస్తీ వద్దని 30 అంగుళాల చిన్న బేస్ ఒకటి కొనుక్కున్నాను. పిల్లికూనలా ఒళ్ళో కూర్చుంటుంది. మరి పెద్దదాన్ని ఏం చేయను? వాయించకుండా గోడకి తగిలించి చూసుకోవడానికి అదేమైనా మా మామగారి ఫొటోనా?

అమ్ముతున్నానని చెప్పగానే మా ఆయన మహా ఉత్సాహంగా గుడ్డా, పాలిష్ సీసా పట్టుకొచ్చారు. ముట్టుకుంటే మర్యాదగా ఉండదన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మీకూ కాలేదు, మొహం చూస్తే తెలుస్తోంది. పాత ఇంటికి రంగేస్తే రేటు పెరుగుతుంది, పాత కారుకి వేసినా అంతే. పాత బేస్‌కి రంగేశారో, ధర సగానికి సగం పడిపోయిందే! తీగల మోతని పట్టే పికప్ మార్చారా, పెద్ద కోత. చివరికి మరలు మార్చినా కోతే. ఎదురింటాయన బెల్టు బకిలు దీని వీపంతా గీరేసింది. ఆ గీతలే దీనికి సర్టిఫికెట్టు. ఇంకో వింత వినండి. 1995 నుంచీ ఫెండర్ కంపెనీవాళ్ళే కొత్త గిటార్లని గీకి, పెచ్చులూడగొట్టి, ఇనుముకి తుప్పు పట్టించి, రెలిక్ అని పేరు పెట్టి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. ఇద్దరు మగపిల్లలున్న మా ఇంట్లో ఆ పని ఇన్నాళ్ళూ ఉచితంగా జరిగింది!

పుట్టుకని బట్టి కూడా లెక్కుంది. 1965 జనవరిలో ఫెండర్ గారు కంపెనీని 1 కోటి 30 లక్షల డాలర్లకి సీబీఎస్ కంపెనీకి అమ్మేశాడు. అంతకుముందు పుట్టినవన్నీ జమీందారు బిడ్డలు, బాగున్నవైతే పదివేల డాలర్లు పైమాటే. తర్వాతవి మీలా నాలా. 70ల చివరివైతే మరీ బరువు, ఒంటినిండా మందపాటి పాలియెస్టర్ పూత. ఒకప్పుడు వాటి మొహం చూసేవాళ్ళే తక్కువ. ఇప్పుడు వాటికీ వయసొచ్చింది, మర్యాదొచ్చింది. రెండు మూడు వేలు పలుకుతున్నాయి. వయసుతోపాటు మర్యాద పెరిగే జాతి ఇదొక్కటేనని మా ఆయన నిట్టూర్చారు.

వయసంటే గుర్తొచ్చింది. పశువుల సంతకి వెళ్తే మా తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకునేవాడు. గిత్త దగ్గరికెళ్ళి ముందు మూతి విప్పి పళ్ళు చూసేవాడు, వయసు తెలియడానికి. తర్వాత సుడులెక్కడున్నాయో వెతికేవాడు. తర్వాత తోక మెలేసేవాడు, హుషారెంతో చూడ్డానికి. బేరం మాత్రం నోటితో కాదు. తుండుగుడ్డ కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని. పాత బేస్ కొనేవాళ్ళు అచ్చం మా తాతయ్యే. తుండుగుడ్డ ఒక్కటే తక్కువ.

పళ్ళంటే నంబర్లు. దీని తలమీద ఎస్ 8 అని మొదలై ఇంకో ఐదంకెలున్నాయి. ఎస్ అంటే సెవెంటీస్, 8 అంటే 78. తేలిపోయింది కదా అనుకున్నాను. తేలదట! ఆ అంకెలు వరసగా వాడలేదట, ఏడాది అటూ ఇటూ కావచ్చట. ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేసి, "మెడ మడమ ఫొటో పంపుతారా?" అనడిగాడు. మెడకి మడమేంటండీ? చెక్కలోకి దూరే కొసని ఈ భాషలో మడమంటారు. అక్కడ తేదీ ముద్ర ఉంటే ఉంటుంది. సరే, భోజనాల బల్లమీద పాత దుప్పటి పరిచి నాలుగు మరలూ విప్పాను. మా ఆయన ఆపరేషన్ థియేటర్ బయట బంధువులా గుమ్మంలో నించున్నారు. ముద్ర సగం చెరిగిపోయింది. ఇక పైనున్న ప్లాస్టిక్ రేకు కూడా తీసి, వాల్యూమ్ బొత్తాం వెనక టార్చి వేశాను. 1377812. ఇవీ పళ్ళంటే! 137 అంటే ఆ ముక్క చేసిన కంపెనీ, 78 ఏడాది, 12 అంటే పన్నెండో వారం. మార్చి నెల. పంచాంగం లెక్కన పింగళ నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం. నక్షత్రం కూడా దొరికితే జాతకం వేయించేదాన్ని.

ఇంకో సంగతి. మెట్లు కూర్చున్న ఆ నల్లటి పలక రోజ్‌వుడ్. 70ల ఫెండర్లకి ఎక్కువగా వాడింది మన దేశపు రోజ్‌వుడ్డే. మన జిట్రేగి కర్ర! ఇన్నేళ్ళు నా చేతికిందే ఉండి ఒక్కసారీ బయటపడలేదు చూడండి. మాల్‌లో మనవాళ్ళు ఎదురైతే చటుక్కున ఫోన్‌లోకి చూసుకుంటారే, అలా.

వచ్చినవాళ్ళందరూ అడిగే మాట ఇంకోటి: దొంగసొత్తు కాదు కదా? మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత్తర్వాత వాళ్ళ తప్పేం లేదనిపించింది. బేస్‌లకీ దొంగలకీ ఏదో ఋణానుబంధం ఉంది. బీటిల్స్ మెక్‌కార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో 30 పౌండ్లకి కొనుక్కున్న హాఫ్నర్ బేస్‌ని 1972లో లండన్‌లో వ్యానులోంచి ఎత్తుకుపోయారు. 2023లో ఎవరింటి అటకమీదో దొరికింది. మా అటకమీద ఎంత వెతికినా విరిగిన ఇడ్లీ రేకులే! జాకో పాస్టోరియస్ అని ఇంకో మహానుభావుడు, మెట్లు లేని తన 1962 ఫెండర్ జాజ్ బేస్‌కి పడవలకి పూసే ఎపాక్సీ పూశాడు. అదీ 1986లో న్యూయార్క్‌లో పోయింది, ఇరవై ఏళ్ళు పోయాక బయటపడింది.

మా ఊరాయనది మాత్రం ఇప్పటికీ పత్తా లేదు. జేమ్స్ జేమర్సన్. పుట్టింది సౌత్ కరోలైనాలో, వాయించింది ఇక్కడ, వెస్ట్ గ్రాండ్ బోలెవార్డ్ మీద మోటౌన్ రికార్డు కంపెనీవాళ్ళ ఇంట్లో. ఆ స్టూడియోకి స్నేక్ పిట్ అని ముద్దుపేరు. పాముల గొయ్యిలో కూర్చుని చూపుడువేలు ఒక్కదానితో అమెరికా మొత్తాన్ని ఆడించాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట. నేనూ మార్చను, కాకపోతే నాది బద్ధకం. రికార్డుల మీద ఆయన పేరు వేసేవారే కాదు. 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ మీద వేశారు, అప్పటికి పదేళ్ళ పైగా వాయిస్తున్నాడు. మన కేసెట్ల మీద బేస్ వాయించినవాళ్ళ పేరు మీరెప్పుడైనా చూశారా? పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, హీరో, హీరోయిన్, ఆఖరికి కేసెట్ ధర కూడా ఉండేది. 1983లో జేమర్సన్ పోయే ముందర ఆయన 1962 ప్రెసిషన్‌ని కూడా ఎవరో ఎత్తుకుపోయారు. పాత ప్రెసిషన్ ఎక్కడ కనబడినా నంబరు చూడాలనిపించడం తప్పా, చెప్పండి!

ఇక బేరాలు. ముందు ఓ కొట్టుకి తీసుకెళ్తే సగం ధర చెప్పి, కాఫీ ఇచ్చారు. కాఫీ కూడా బాగాలేదు. తర్వాత ఒకడు, చూడకుండానే అడిగినదానికన్నా ఎక్కువకి చెక్కు పంపుతాను, మిగిలింది నా లారీవాడికి ఇచ్చెయ్యండి అన్నాడు. చెక్కు చెల్లదు, లారీవాడు వాడి తోడుదొంగ. మా ఆయన దీనికి మాత్రం పడి పడి నవ్వారు, ఆయన సోఫా అమ్మినప్పుడూ ఇదే లారీ వచ్చిందట. తర్వాత మన తెలుగబ్బాయి. చక్కటి కుర్రాడు, వచ్చి చెప్పులు బయట విడిచాడు, పకోడీలు తిన్నాడు, బాగా వాయించాడు కూడా. లేచి, "ఆంటీ, ఫైనల్ ఎంత?" అన్నాడు. చెప్పాను. "కాదాంటీ, ఫైనల్ ఫైనల్?" మళ్ళీ అదే చెప్పాను. "అమెజాన్‌లో కొత్తదే రెండొందలకి వస్తోందాంటీ." నాయనా, ఆ పకోడీ కూడా ఆర్డర్ పెట్టుకోవాల్సింది.

ఆఖరికి టొలీడో నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. ముందు పళ్ళు చూడలేదు, తిరగేసి వీపు చూశాడు. బకిలు గీతల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. అప్పుడు ఒళ్ళో పెట్టుకుని, స్పీకరుకి తగిలించి లావు తీగ ఒక్కటి మీటాడు, మా వంటింట్లో స్టీలు గిన్నెలన్నీ గల్లున మోగాయి. ఆయనకి తెగ నచ్చింది. గిన్నెలకి వినబడేలా ఇంకోసారి మీటాడు. చెప్పిన రేటుకి సరేనన్నాడు. జేబులో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయి గుమ్మం వైపు చూస్తున్నాడు.

గుమ్మం పక్కన చిన్న బల్ల మీద మా కారు తాళాలుండేవి, మీకు తెలుసు. వంపు తిరిగిన ఓ మెరుపు రేకులో. ఆ రేకు ఏదనుకున్నారు? ఈ బేస్ తీగల చివర కప్పే మూత! వాయించే చేతికి అడ్డమని అందరూ ఊడపీకేవారు. సిగరెట్లు తాగేవాళ్ళు తిరగేసి అందులో నుసి రాల్చేవారు, దాంతో దానికి ఆష్‌ట్రే అనే పేరు ఉండిపోయింది. ఎక్కడికక్కడ పారేసుకోబట్టి ఇప్పుడు అసలుది దొరికితే దానికదే ఓ ధర. ఎదురింటాయన ఇచ్చినరోజే మా ఆయన దాన్ని తాళాలకి కేటాయించారు. నేను మర్చేపోయాను.

బేస్‌కి ఒక్క డాలరు బేరమాడనివాడు ఆ రేకు కోసం గంటసేపు కూర్చున్నాడండీ. ఇన్నాళ్ళూ ఆ గిటార్‌ని కన్నెత్తి చూడని మా ఆయనేమో, "అది మా ఇంటి వస్తువు, అమ్మం" అని భీష్మించుకున్నారు. నేను పకోడీల రెండో వాయి వేసి, తువ్వాలొకటి తెచ్చి ఇద్దరి చేతుల మీదా కప్పుదామా అనుకున్నాను. చివరికి నూట పాతిక డాలర్ల దగ్గర తెగింది. రేకుని జేబురుమాలులో చుట్టుకుని, బేస్‌ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి, దానికి సీటు బెల్టు కూడా పెట్టి వెళ్ళాడు.

అదండీ సంగతి. అయ్యో, అప్పుడే లేస్తున్నారా? ఉండండి, నేనే దింపుతాను. కాకపోతే మొన్నటినుంచీ మా కారు తాళాలు ఓ చోట ఉండి చావడం లేదు. మీ కుర్చీ కింద ఉన్నాయేమో కాస్త చూస్తారా?