అక్క భాష... చెల్లెలి భాష!

సంక్రాంతికి సంతబొమ్మాళి వచ్చాడన్న మాటే గానీ, అతని మనసంతా బెంగళూరు ఆఫీసులోనే ఉంది. పదిహేనేళ్లుగా జావాలో ప్రోగ్రాములు రాస్తున్నాడు. ఇకమీదట కొత్త పని స్కాలాలో చేయాలన్నారు. దానికి తోడు, తను రాసిన జావా ప్రోగ్రాం ఒక్కోసారి లెక్క తప్పు చూపిస్తోంది. కారణం అంతుచిక్కడం లేదు. ఇక తన పనయిపోయిందేమోనని దిగులు!

అరుగు మీద అమ్మ జీడిపప్పు బాగుచేస్తోంది. ప్రతి పప్పుకీ పొట్టు తీయడం, గుండ్లు మాత్రం ఏరడం, చివర్న మొత్తం తూకం వేయడం... చూస్తుంటే అతనికి నవ్వొచ్చింది. కొత్త పాఠాల్లోని మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ ఇవేగా!

జావా 1995లో వచ్చింది. 2004లో వచ్చిన స్కాలా దానికి చెల్లెలి లాంటిది. దాన్ని రూపొందించిన మార్టిన్ ఒడెర్‌స్కీ అంతకుముందు జావా కంపైలర్ మీద పనిచేసినవాడే. రెండూ నడిచేది జావా వర్చువల్ మెషీన్ మీదే. చేయాల్సిన పనినే ఓ వస్తువులా చేతికి అందించే విద్య చెల్లెలికి పుట్టుకతో వచ్చింది. అక్క 2014లో, జావా 8తో లాంబ్డాలు, స్ట్రీములు నేర్చుకుంది. అయినా తేడాలున్నాయి. స్కాలాలో జాబితాకే నేరుగా మ్యాప్ చెప్పొచ్చు. జావాలో దాన్ని ముందు స్ట్రీముగా మార్చి, చివర్న మళ్లీ పోగుచేసుకోవాలి. స్కాలాలో మామూలుగా వాడే జాబితా ఒకసారి తయారైతే మారదు. జావాలో అందరూ వాడే అర్రేలిస్టును ఎక్కడినుంచైనా మార్చేయొచ్చు.

''ఏటి బాబూ, పండగపూట ఆ దిగులేటి?'' అంది అమ్మ.

''లెక్క తప్పుతోందమ్మా.''

''మీ నాన్న ఖాతా పుస్తకంలో ఎప్పుడైనా అంకె దిద్దినారేటి? తప్పయితే కింద ఇంకో వరస రాసీవోరు. నలుగురు చూసే పుస్తకం దిద్దితే ఎవులు నమ్ముతారు?''

అతను చటుక్కున లాప్‌టాప్ తెరిచాడు. ప్రోగ్రాంలో రెండు భాగాలు ఒకే జాబితాను ఒకేసారి దిద్దుతున్నాయి! పాతది ముట్టుకోకుండా, ప్రతి దశలోనూ కొత్త జాబితా వచ్చేలా జావాలోనే తిరగరాశాడు. ఎన్నిసార్లు నడిపినా లెక్క ఒక్కటే వచ్చింది.

కనుమ మర్నాడు నౌపడలో రైలెక్కాడు. ఒళ్లో స్కాలా పుస్తకం. అది ఇప్పుడు పరాయి భాషలా లేదు. సంచిలో అమ్మ కట్టిన జీడిపప్పు... అన్నీ గుండ్లే!