నాయనమ్మ ముక్కుపుడక

పాత నెగటివ్‌లు స్కాన్ చేయించి, బొమ్మ మసకగా వస్తే "ఫిలిం పాడైపోయింది లెండి" అని అవతల పారేసే ఇళ్లు మనవాళ్లలో చాలా ఉన్నాయి. అంత తొందర పడకండి.

మా నాయనమ్మకు మిగిలింది ఒకే ఒక్క ఫోటో. 1974లో మా బరంపురం పెరట్లో నాన్నగారు అగ్ఫా క్లిక్ 3 కెమేరాతో తీశారు. ప్రింటును చెదలు తినేశాయి, నెగటివ్ దక్కింది. స్టూడియోలో స్కాన్ చేయిస్తే ముఖం మంచులో ఉన్నట్టు వచ్చింది. "ఆ డబ్బా కెమేరాతో అంతేనండీ" అన్నాడు కుర్రాడు. ఖరీదైన కెమేరా కాదన్న మాట నిజమే. కానీ నెగటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టి భూతద్దంతో చూస్తే ముక్కుపుడక రాయి కూడా కనబడుతోంది! లెక్క తేలనప్పుడు అసలు వోచరు తీసి చూడడం మా బ్యాంకువాళ్లకు అలవాటు. ఇక్కడ వోచరు సరిగానే ఉంది.

తమ్ముడి ఫ్లాట్‌బెడ్ స్కానరు తెచ్చుకున్నాను. ఇలాంటి చాలా స్కానర్లలో లెన్సు ఒకే దూరానికి కుదిర్చి ఉంటుంది. ఫిలిం ఆ ఎత్తుకు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పదును తగ్గుతుంది. పోనీ అని గాజు మీదే పరిస్తే న్యూటన్ వలయాలనే చారలు పడతాయి. అందుకే ఫిలింకు చట్రం ఇస్తారు. ఆ చట్రం ఎత్తు సరిగ్గా ఉందని హామీ ఎవరు?

ముందు ఫిలిం వంకర తీయాలి, లేకపోతే నడుమ ఒక ఎత్తు, అంచు ఒక ఎత్తు. కవరులో పెట్టి లావుపాటి పుస్తకాల కింద రెండు వారాలు ఉంచాను. తరువాత చట్రం నాలుగు మూలల కిందా జెరాక్స్ కాగితం ముక్కలు పెట్టాను. ఒక్కొక్కటి సుమారు 0.1 మిల్లీమీటరు మందం. ఒకటి, రెండు, మూడు... ప్రతిసారీ ముక్కు దగ్గరి భాగాన్నే స్కాన్ చేశాను. నాలుగోదానికి ఫిలిం రేణువులు ఇసక చల్లినట్టు విడివిడిగా కనబడ్డాయి. ఫోకస్ కుదిరిందనడానికి అదే గుర్తు. ఐదో కాగితానికి మళ్లీ అలుక్కుపోయాయి.

స్టూడియోవారు అంగుళానికి 6400 చుక్కలని గొప్పగా చెప్పారు. ఫోకస్ లేనప్పుడు ఆ అంకె ఫైలు బరువు పెంచుతుందంతే. నేను చేసింది 2400కే. కంప్యూటరులో 'షార్పెన్' నొక్కితే అంచులు గట్టిపడతాయి గాని, స్కానులో రాని ముక్కుపుడక రాదు. అన్నట్టు, దుమ్ము పోగొట్టే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం పాతకాలపు నలుపు తెలుపు ఫిలింకు వాడకండి. అందులోని వెండి ఆ కిరణాలను అడ్డుకుని బొమ్మనే చెడగొడుతుంది.

ప్రింటు విజయనగరంలోని అత్తకు పంపాను. మర్నాడే ఫోను. "అమ్మ రాయి కెంపురా, నీకు తెలుసా?" అంది. నలుపు తెలుపు బొమ్మాయె, నాకెలా తెలుస్తుంది? అది ఇప్పుడు ఎవరి దగ్గరుందని అడిగాను. "వచ్చినప్పుడు చెబుతాలే" అని పెట్టేసింది.