నెలవంక లేని బ్యానరు

ముస్లిం బొమ్మ వెయ్యమంటే ఏం వేస్తారు? ఒక టోపీ, ఒక గడ్డం. వెనక మినారు, పైన నెలవంక. రంగు ఆకుపచ్చ. ఏ గోడ చూసినా ఇంతే. బడి గోడల మీద జాతీయ సమైక్యత బొమ్మ చూడండి. బొట్టు పెట్టుకున్న మనిషి, శిలువ వేసుకున్న మనిషి, తలపాగా సర్దార్జీ, చివర్న టోపీ పెట్టుకుని మేం. నలుగురం చేతులు పట్టుకుని నవ్వుతూ ఉంటాం. ఆ గోడలకి రంగులు వేసి పొట్ట పోసుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. కూలి డబ్బులకి మా టోపీ మేమే గీశాం.

మా ఇళ్ళల్లో చూస్తే ఆ మనిషి ఎక్కడా కనపడడు. మా నాన్నలు పోర్టులో బస్తాలు మోశారు, లారీల కింద పడుకుని బోల్టులు బిగించారు, దూది ఏకి పరుపులు కుట్టారు. మా అమ్మలు చీరలే కట్టారు. కొన్ని ఇళ్ళల్లో ఉర్దూ, కొన్ని ఇళ్ళల్లో సగం సగం, దూదేకుల ఇళ్ళల్లో అయితే పూర్తిగా తెలుగు. నమాజుకి పోయేటప్పుడు జేబులోంచి తీసి పెట్టుకునే టోపీని ఇరవై నాలుగ్గంటలూ మా తల మీద ఉంచిందెవరు? మమ్మల్ని ద్వేషించేవాళ్ళే కాదు, ప్రేమించేవాళ్ళు కూడా ఆ టోపీతోనే ప్రేమించారు.

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో తగల్లేదు. రంగు డబ్బాల మధ్య తగిలింది.

విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో రేకుల షెడ్డు ఉండేది. బోర్డులు రాసే షెడ్డు. ఆదివారం సాయంత్రం పని లేకపోయినా అందరం అక్కడికే చేరేవాళ్ళం. షెడ్డు గురువుగారిది. పుట్టుకతో కంసాలి, పనితో పెయింటరు. ఇంకొకాయన కాతిబ్ చాచా, మసీదుల బోర్డులూ ఉర్దూ పెళ్ళికార్డులూ రాసేవాడు. ఓడలకి రంగులు వేసే అన్నయ్య ఒకరు, ఆయన క్రైస్తవుడు. శ్రీకాకుళం నించి పని నేర్చుకోడానికొచ్చిన కుర్రాడొకడు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివే అమ్మాయి ఒకత్తి. తర్వాత మేం. మాలో కొందరం బోర్డులు రాసేవాళ్ళం, కొందరం స్క్రీన్ ప్రింటింగు, కొందరం రాత్రిళ్ళు కవిత్వం రాసుకునేవాళ్ళం. సంఘం లేదు, చందా లేదు. టీ డబ్బులు ఎవరి దగ్గరుంటే వాళ్ళిచ్చేవాళ్ళు.

అక్కడ మతసామరస్యం గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. అక్షరాల గురించి కొట్టుకున్నాం.

గురువుగారు నీలం రాసిన దారం లాగి కొట్టి, ఆ గీత మీద తెలుగు అక్షరం నిలబెట్టేవారు. "అక్షరం రాయడం కాదురా, అక్షరం లోపలున్న ఖాళీ రాయాలి" అనేవారు. మన అక్షరాలన్నీ గుండ్రాలు. ఒక గుండ్రంలో గాలెక్కువై పక్కదాంట్లో తక్కువైతే బోర్డంతా ఒక పక్కకి వాలిపోయినట్టుంటుంది. చాచా అది విని తన కలం తీశాడు. వెదురు కలాన్ని ఏటవాలుగా కోసి, కాగితం మీద ఒక చుక్క పెట్టాడు. నలుపలకల చుక్క. దాన్ని నుక్తా అంటారు. నస్తాలీఖ్ రాతలో కొలబద్ద అదే. అలీఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల వెడల్పు. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతోపాటు అక్షరమంతా మారుతుంది. ఏ స్కేలూ అక్కర్లేదు, కొలత కలంలోనే ఉంది.

గురువుగారు ఆ రాత్రి ఇంటికి పోలేదు. కుంచె వెడల్పునే కొలతగా పెట్టుకుని తెలుగు 'అ'ని ఎన్నిసార్లు రాసుంటారో. పొద్దున్న మేం వచ్చేసరికి రేకు నిండా అలే. అప్పట్నించి ఆయన బోర్డుల్లో ఒక కొత్త ఒడుపు వచ్చింది. కొట్టువాళ్ళు బావుందన్నారు. ఎక్కణ్ణించి వచ్చిందో వాళ్ళకి తెలీదు. మాకు తెలుసు.

ఓడల అన్నయ్య చెప్పే సంగతులు వేరే. ఓడ ముక్కు మీద పేరు ఉత్త రంగుతో రాయరంట. అక్షరాల అంచుని ముందు వెల్డింగుతో ఉబ్బెత్తుగా పోసి, ఆ గీత లోపల రంగు నింపుతారు. ఉప్పునీటికి రంగు పోయినా పేరు పోదు. మళ్ళీ అదే గీతలో రంగు నింపుకోవచ్చు. ఓడ పక్కన ఒక గుండ్రం, దాని మధ్యలోంచి అడ్డగీత ఉంటుంది. సరుకు అంతకంటే ఎక్కువ ఎక్కిస్తే ఓడకి ప్రమాదం. సరుకెక్కించిన ఓడలు మునిగి నావికులు చచ్చిపోతుంటే ఇంగ్లండులో ప్లిమ్సాల్ అనే ఆయన పార్లమెంటులో కొట్లాడి, 1876లో ఆ గీతని చట్టం చేయించాడు. "మీ బోర్డులో గీత తప్పితే అందం పోద్ది. నా గీత తప్పితే మనుషులు పోతారు" అనేవాడు అన్నయ్య. గీతకి అంత బలముంటుందని మేం అప్పుడే విన్నాం.

ఒకసారి ఆ అమ్మాయి విశాఖ దంతపు పెట్టెల ఫొటోలు తెచ్చింది. 18వ శతాబ్దంలో ఈ ఊళ్ళోనే చేసినవి, ఇప్పుడు లండన్ మ్యూజియంలో ఉన్నాయి. దంతపు రేకు మీద సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపిన పని. చేసింది కంసాలులు. పెట్టె ఆకారం కంపెనీ దొరలది. అంచుల మీది పూలతీగలు ఈ తీరంలో అచ్చయిన అద్దకం బట్టలవి. ఆ అద్దకాల్లోకి గోలకొండ నవాబుల కాలంలో ఇరాన్ పూలొచ్చాయి. గురువుగారు ఫొటో అటూ ఇటూ తిప్పి చూశారు. "అయితే దీనికి ఏ కులం పేరు పెడతావమ్మా?" అన్నారు. ఎవరం జవాబు చెప్పలేదు.

జవాబు మాటల్లో దొరికింది. డిజైన్ అనే ఇంగ్లీషు ముక్క రాకముందు తెలుగులో ఆ పనికి వాడిన మాటలేవి? నమూనా. నగిషీ. నకలు. చేత్తో పట్టుకునేది కలం. బట్ట మీద వేస్తే కలంకారీ. చేర్యాలలో పురాణాలు పటాల మీద బొమ్మలుగా వేసే హిందూ చిత్రకారుల్ని నకాషీలంటారు. అన్నీ అరబీ నించీ పారశీకం నించీ వచ్చిన మాటలే. తెలుగువాడు అందం గురించి నోరు తెరిస్తే చాలు, మేం అందులో ఉంటాం. మమ్మల్ని బయటివాళ్ళంటే ఆ మాటలన్నీ తీసి పక్కన పెట్టి మాట్లాడండి చూద్దాం.

అంతా తియ్యగా జరిగిందని చెప్పడం లేదు. శ్రీకాకుళం కుర్రాడు ఒకరోజు అడిగేశాడు. "మీ మతంలో బొమ్మలెయ్యకూడదంట గదా భాయ్. మరి మీరెలాగ ఏస్తన్నారు?" చాచా నవ్వాడు. "నేను వెయ్యను బేటా. వీళ్ళు వేస్తారు. ఇద్దరం ఒకే మసీదుకి పోతాం." మతం అంటే ఒకే ముద్ర అనుకునేవాళ్ళకి ఇంతకంటే ఏం చెప్పాలి? బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి పైకొచ్చిన ఎం.ఎఫ్. హుసేన్ మా షెడ్డుకి పెద్ద దిక్కు. ఆయన లోహియా చెప్పగా రామాయణం బొమ్మలు వేశాడు. అదే మనిషి దేవతల బొమ్మల పేరు మీద కేసులు పడి, 2006లో దేశం విడిచిపోయి, 2011లో లండన్‌లో కన్నుమూశాడు. బొమ్మ వెయ్యకపోతే ఛాందసులం, వేస్తే ద్రోహులం. మేం ఎటు నిలబడాలో ఎవరైనా గీత గీసి చూపిస్తారా?

1992 ఆగస్టులో ఉక్కు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చారు. ఒకే ఏడాదిలో రెండూ చూశాం. డిసెంబరు తర్వాత ఆదివారాలు షెడ్డులో మాట పెగల్లేదు. ఇద్దరు రావడం మానేశారు. ఒకరు మావాడు, ఒకరు వాళ్ళవాడు. ఒక కొట్టాయన మేం రాసిన బోర్డు చూసి, "పని బావుంది, మూలన ఆ పేరు తీసెయ్యండి" అన్నాడు. బోర్డు మూలన చిన్నక్షరాల్లో పెయింటరు పేరుంటుంది. మా పనికి మాకు మిగిలే గుర్తు అదొక్కటే. సంగతి విని గురువుగారు కుంచె పట్టుకుని నిచ్చెనెక్కారు. మా పేరు తుడవలేదు. దాని పక్కనే తన పేరు రాశారు. "ఇప్పుడు తుడిస్తే రెండూ తుడవాలి బాబూ" అని దిగొచ్చేశారు. ఆ బోర్డు అలాగే ఉండిపోయింది.

విశాఖని పొగిడేవాళ్ళు ఎప్పుడూ మూడు కొండల బొమ్మ చూపిస్తారు. పోర్టు ముఖద్వారం దగ్గర ఒక కొండ మీద మేరీమాత చర్చి, ఒక కొండ మీద ఇషాక్ మదీనా దర్గా, ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. మాకూ ఆ చోటంటే ఇష్టమే. కానీ కొండలు పక్కపక్కన ఉంటాయి గాని ఒకదాంతో ఒకటి మాట్లాడవు. పక్కన ఉండటం వేరు, మాట్లాడుకోవడం వేరు. మాకు షెడ్డు ఇచ్చింది రెండోది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్జలా' వచ్చాక మాలో రాసేవాళ్ళకి ధైర్యం వచ్చింది. ఊళ్ళో చిన్న ముస్లిం కవుల సభ పెట్టుకుందామనుకున్నాం. బ్యానరు కావాలి. మొదటి సలహా తెలిసిందే, నెలవంక, మినారు, పక్కన ఒక కలం. మేం వద్దన్నాం. నెలవంక మాకు చేదు కాదు. రంజాను ఆఖరి సాయంత్రం డాబాలెక్కి దానికోసం కళ్ళు కాయలు కాచేలా చూసేది మేమే. కానీ అది మా ఆకాశంలో ఉండాలి, మా నుదుటి మీద ముద్రగా కాదు. మరి ఏం వెయ్యాలి? మూడు ఆదివారాలు తేలలేదు.

ఆఖరికి చాచా గోడ వైపు చూపించాడు. పాత ఉద్యమం రాతలు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు. 1966లో ఈ నినాదం కోసం 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ ప్రాసలో ఎంత బలముందో గోడలు రాసినవాళ్ళకి తెలుసు. "ఉక్కు మీది. హక్కు మాది" అన్నాడు చాచా నవ్వుతూ. నిజమే. హక్కు అనేది అరబీ హఖ్. సత్యం, న్యాయంగా రావాల్సింది, రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. ఆంధ్రులంతా గొంతెత్తి అరిచిన నినాదంలో సగం ప్రాస మా దగ్గర్నించి వచ్చిందే. అది ఎరువని ఎవరూ అనుకోలేదు, అనుకోకపోవడమే దాని గొప్ప. మాట అలా కలిసిపోయిన చోట మనుషుల్ని ఎందుకు విడిగా నిలబెడుతున్నారు?

బ్యానరు మీద ఆ ఒక్క మాటే రాద్దామనుకున్నాం. తెలుగులో గురువుగారి చేతి 'హక్కు'. దాని వెనక పల్చని రంగులో ఉర్దూ లిపిలో రెండే అక్షరాలు, హే, ఖాఫ్. చాచా చేతివి.

అభ్యంతరాలు రెండు వైపుల్నించీ వచ్చాయి. మా పెద్దల్లో ఒకాయన, "అల్ హఖ్ అంటే అల్లా పేరు. కాళ్ళ కింద పడే గుడ్డ మీద రాస్తారా?" అన్నారు. ఆయన భక్తిని తేలిగ్గా తీసుకోవడానికి మాకు మనసొప్పలేదు. అభ్యుదయ మిత్రుడొకాయన వేరేలా అన్నాడు. "అంతా బానే ఉంది, ఇందులో ముస్లిం ఎక్కడున్నాడు? జనం గుర్తుపట్టొద్దా?" పెద్దాయనకి చాచా జవాబు చెప్పాడు. గుడ్డని తల ఎత్తు కంటే పైన కడతాం, సభ అయ్యాక మడిచి ఇంట్లో శుభ్రమైన చోట దాస్తాం. ఆయన ఒప్పుకున్నారు, సభకి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మిత్రుడికి మేం చెప్పాం. గుర్తుపట్టడానికి మేం దొంగలం కాదు. చదవండి, అర్థమవుతాం.

షెడ్డు ఇప్పుడు లేదు. ఫ్లెక్సీలొచ్చి కుంచెని తినేశాయి. గురువుగారు లేరు, చాచా లేడు. మాలో కొందరం కంప్యూటర్ల ముందు కూర్చుని అదే పని చేస్తున్నాం. రంజాను ఫ్లెక్సీ కావాలంటే తయారుగా ఉన్న బొమ్మల్లోంచి మళ్ళీ అదే నెలవంక, అదే మినారు వచ్చి పడతాయి. పండక్కి అది సరే. కానీ ముస్లింల చదువు మీద సమావేశమన్నా అదే, ముస్లిం ఆడవాళ్ళ సమస్యలన్నా అదే. యంత్రం మారింది గాని మా బొమ్మ మారలేదు. 2021లో ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకానికి కేంద్రం సిద్ధపడినప్పుడు పాత నినాదం మళ్ళీ గోడలెక్కింది, ఫ్లెక్సీలెక్కింది. ఆ అక్షరాలు అమర్చినవాళ్ళలో మా పిల్లలూ ఉన్నారు. హక్కు అన్న మాట టైపు చేస్తున్నప్పుడు వాళ్ళకి చాచా కథ చెప్పాం.

మా బొమ్మ మేమే వేసుకుంటామంటే తలుపులు మూసుకుని వేసుకుంటామని కాదు. చాచా చుక్క లేకుండా గురువుగారి 'అ' లేదు, గురువుగారి 'హక్కు' లేకుండా మా బ్యానరు లేదు. కానీ కుంచె మా చేతిలోనూ ఉండాలి. మూలన మా పేరు ఉండాలి. అదడగడం కూడా హక్కే, తెలుగులో అన్నా, ఉర్దూలో అన్నా.