వాచీకి బిల్లు ఉందా?



ఈ వారం హాస్టల్ రోజుల గురించి రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. అది వచ్చే వారం. మధ్యలో ఒక వాచీ అడ్డమొచ్చింది.

ఏప్రిల్ 14న పరిగిలో మీటింగు అయిపోయింది. మైకు వైర్లు చుడుతున్న ఒక డిగ్రీ పిల్లవాడు నా మణికట్టు చూసి, "సార్, ఒరిజినలేనా?" అని అడిగాడు. మన పిల్లవాడే, మన వాడ నుంచి వచ్చినవాడే. ఇష్టంగానే అడిగాడు. నేను నవ్వి, "ఒరిజినలే తమ్ముడూ" అన్నాను. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. జేబులోంచి పర్సు తీసి, అందులో నాలుగు మడతలు పెట్టిన బిల్లు తీసి వాడికి చూపించాను.

వాడు నన్ను బిల్లు అడగలేదు.

బస్సులో దోమకు వెళ్తున్నంతసేపూ అదే ఆలోచన. ఆ బిల్లు ఎనిమిది నెలలుగా నా పర్సులో ఎందుకు ఉంది? దాని పక్క అరలో ఏముందో మీకు చెప్పక్కర్లేదు. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు. ఉద్యోగం వచ్చి ఇన్నేళ్లయినా అది తియ్యలేదు.

ముందు వాచీ సంగతి చెప్తాను. అది లాంజీన్స్, స్విట్జర్లాండ్‌లో చేసింది. ఎరియర్స్ ఒకేసారి పడ్డాయి. ఇంటి అప్పు తీర్చి, చెల్లె కూతురి ఫీజు కట్టాక కూడా కొంత మిగిలింది. షోరూంలో అడిగితే లక్షా ఎనభై వేలన్నారు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు పోయే అలవాటు నాకు పీహెచ్‌డీ రోజుల నుంచీ ఉంది. అక్కడ పరిచయమైన ఒకాయన తనకు తెలిసిన వాచీల భాయ్ దగ్గరికి తీసుకుపోయాడు. మేడ మీద చిన్న గది, బోర్డు లేదు. అదే మోడల్, అదే పెట్టె, ప్లాస్టిక్ కూడా తియ్యనిది లక్షా పన్నెండు వేలకు ఇచ్చాడు. "సాబ్, మాల్ అసలీ. కార్డు మీద డీలర్ ముద్ర ఒక్కటే ఉండదు. వారంటీ నాది, రెండేళ్లు" అన్నాడు.

దీన్నే గ్రే మార్కెట్ అంటారు. మన పిల్లలు చాలామంది దీనికీ దొంగ సరుకుకూ తేడా తెలియక మోసపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఇన్‌స్టాలో మూడు వేలకు వచ్చే 'ఫస్ట్ కాపీ' గ్రే మార్కెట్ కాదు. అది నకిలీ. పేరు ఒకరిది, లోపలి యంత్రం ఇంకొకరిది. పాత హెచ్ఎంటీకి కొత్త రంగు డయల్ వేసి, దొరికిన ముక్కలన్నీ అతికించి అమ్మే 'ముంబై స్పెషల్' ఇంకో రకం. గ్రే మార్కెట్‌లో దొరికేది నిఖార్సైన కంపెనీ సరుకే. కంపెనీ మొదట దాన్ని తన ఆథరైజ్డ్ డీలర్‌కే అమ్ముతుంది. ఆ డీలర్‌కు నాలుగు గిరాకీ వాచీలు కావాలంటే వాటితోపాటు పోని మోడళ్లు కూడా తీసుకోవాలి. షోకేసులో పడున్న సరుకును తనే డిస్కౌంట్‌కు అమ్మితే కంపెనీ ఊరుకోదు. అందుకని వెనక తలుపు నుంచి గుంపగుత్తగా వదిలించుకుంటాడు. అది దుబాయ్‌కో హాంకాంగ్‌కో చేరుతుంది. పన్నుల తేడా, రూపాయి డాలర్ తేడా కలిసొచ్చి చివరికి షోరూం కంటే తక్కువకు మన చేతికి వస్తుంది. అందరూ ఎగబడే రోలెక్స్ డేటోనా లాంటివైతే కథ తిరగబడుతుంది. షోరూంలో వెయిటింగ్ లిస్టు ఉంటుంది, గ్రేలో అసలు ధర కంటే ఎక్కువ గుంజుతారు.

అంటే సరుకు ఒకటే. తేడా అంతా ఏ తలుపులోంచి వచ్చిందన్న దాంట్లోనే.

అమెరికాలో దీని మీద పెద్ద కేసు నడిచింది. ఒమేగా కంపెనీ సీమాస్టర్ వాచీలను కాస్ట్కో అనే దుకాణాల సంస్థ బయటి దేశాల నుంచి తెప్పించి 1,299 డాలర్లకు అమ్మింది. కంపెనీ ధర 1,995. ఒమేగా ఏం చేసిందంటే, వాచీ వెనక వైపు చిన్న భూగోళం బొమ్మ చెక్కించింది. ఆ బొమ్మ మా కళాఖండం, మా అనుమతి లేకుండా దిగుమతి చేస్తే కాపీరైట్ ఉల్లంఘన అని దావా వేసింది! 2010లో సుప్రీంకోర్టు నలుగురు అటు, నలుగురు ఇటు అయ్యి ఏమీ తేల్చలేకపోయింది. తేల్చింది ఒక విద్యార్థి. థాయ్‌లాండ్ నుంచి చదువుకోడానికి వచ్చిన సుపాప్ కిర్ట్‌సాంగ్. అమెరికాలో పాఠ్యపుస్తకాల ధర మండిపోతుంటే, అవే పుస్తకాలు తన దేశంలో చవకగా దొరుకుతున్నాయని ఇంటివాళ్లతో తెప్పించుకుని అమ్మాడు. వైలీ అనే ప్రచురణ సంస్థ కోర్టుకు లాగింది. 2013లో సుప్రీంకోర్టు 6-3తో ఆ కుర్రాడి పక్షాన నిలబడింది. ఒకసారి న్యాయంగా అమ్ముడుపోయిన వస్తువు ఏ దేశంలో తయారైనా సరే, కొన్నవాడు మళ్లీ అమ్ముకోవచ్చని చెప్పింది. ఆ తీర్పు వచ్చాక 2015లో కాస్ట్కో కూడా గెలిచింది. కోఠీలో లో ప్రైస్ ఎడిషన్ పుస్తకాలు కొని చదువుకున్న మనం ఆ పిల్లవాడికి ఒక సలాం కొట్టాలి.

మన దగ్గర 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో దాదాపు ఇలాంటి మాటే చెప్పింది. తెచ్చి అమ్ముకోవచ్చు, కానీ దీనికి కంపెనీ వారంటీ లేదని కొనేవాడికి తెలిసేలా రాసిపెట్టాలి అంది. కాబట్టి గ్రే నేరం కాదు. సుంకం కట్టకుండా తెస్తేనే నేరం. స్విస్ వాచీ మీద ఇన్నేళ్లూ మూల సుంకమే 20 శాతం, ఆపైన సర్‌చార్జి, జీఎస్టీ. స్విట్జర్లాండ్ ఉన్న ఈఎఫ్‌టీఏ దేశాలతో కుదిరిన ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సుంకం ఇక మెల్లమెల్లగా తగ్గుతుంది. అప్పటిదాకా మేడ మీది గదుల్లో సుంకం కట్టిన సరుకూ ఉంటుంది, సూట్‌కేసులో బట్టల మధ్య దాక్కుని వచ్చిందీ ఉంటుంది. జీఎస్టీ బిల్లు ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

ఎందుకంటే 1962 కస్టమ్స్ చట్టంలో 123వ సెక్షన్ ఒకటుంది. మామూలుగా నువ్వు దొంగవని సర్కారు రుజువు చెయ్యాలి. ఈ సెక్షన్ కింద మాత్రం, ఇది దొంగచాటుగా దేశంలోకి వచ్చిందని అధికారి తగిన కారణంతో నమ్మి పట్టుకుంటే, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఎవరి దగ్గర పట్టుకున్నారో వాళ్ల మీద పడుతుంది. ఇది ఏ వస్తువులకు వర్తిస్తుందో అందులోనే రాసి ఉంది. బంగారం, వాచీలు. మిగతావి ప్రభుత్వం నోటిఫికేషన్‌తో కలుపుకోవచ్చు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మా వాడలో ఈ సెక్షన్ ఆ చట్టం కంటే ముందు నుంచే నడుస్తున్నది.

మా నాయిన తాండూరు నాపరాయి గనుల్లో బండలు తీసేవాడు. దోమ నుంచి పోయి, వారం పది రోజులు అక్కడే గుడిసెలో ఉండి వచ్చేవాడు. పొద్దు చూసి పనిలోకి దిగడం, పొద్దు చూసి ఎక్కడం. కానీ మేస్త్రీ పొద్దు వేరు, కూలోళ్ల పొద్దు వేరు. మబ్బు పట్టిన రోజైతే మరీ. అలా దినాం గంటా గంటన్నర పోతున్నదని నాయినకు అనుమానం. దానికోసమే ఒక వాచీ కొన్నాడు. సోకుకు కాదు. తాండూరు స్టేషన్‌లో పనిచేసే ఒక గ్యాంగ్‌మన్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో హెచ్ఎంటీ జనతా, రెండు వారాల కూలి పెట్టి.

హెచ్ఎంటీ సంగతి మీలో చాలామందికి తెలియదు. బయటి వాచీలు దేశంలోకి రానివ్వని రోజులవి. వస్తే దొంగ రేవుల్లోనే. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో ప్రభుత్వం పెట్టిన ఫ్యాక్టరీ ఈ దేశంలో మామూలు మనిషి చేతికి గడియారం కట్టింది. ఆ మోడల్ పేరే జనతా. 2016లో ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం తీర్మానించింది. మా నాయిన రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు టీ తాగేవాడు. అతను కీ ఇస్తుంటే మేం మాట్లాడకూడదు. తర్వాత గనిలో ఏమైందో తెలుసా? మేస్త్రీ ఇతని వాచీ చూసి పని ఆపేవాడు. ఒక్క వాచీ పదిమంది కూలిని నిలబెట్టింది.

1996. నాకు ఏడేళ్లు. ఊళ్లో పటేలు ఇంట్లో పెళ్లయింది, పెళ్లిలో వాచీ పోయింది. పొద్దుగూకే యాళ్లకు నలుగురు వాడలోకి వచ్చారు. వాడలో చేతికి వాచీ ఉన్నది మా నాయినకే. "యాడిదిరా ఇది?" "కొన్న పటేలా, తాండూర్ల." "బిల్లు చూపెట్టు." గ్యాంగ్‌మన్ సెకండ్ హ్యాండ్ వాచీకి బిల్లు ఏమిస్తాడు? నాయిన తనే విప్పి ఇచ్చాడు. వాళ్లు గుంజుకోలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నల్లటి చేతి మీద పట్టీ ఉన్నంత మేర తెల్లగా ఒక కట్టు మిగిలింది. దాన్ని ఆ ఎండాకాలమంతా చూశాను. ఎండకు మెల్లగా కలిసిపోయింది.

పెళ్లి బట్టలు సర్దుతుంటే వాళ్ల వాచీ వాళ్ల పెట్టెలోనే దొరికిందని తర్వాత ఎవరో చెప్పారు. నాయిన వాచీ మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆయన వాచీ కట్టలేదు. గనిలో మళ్లీ మేస్త్రీ పొద్దే.

బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో ఇలాంటివి పేర్లతో సహా లెక్కపెట్టాడు. 1928లో ఇండోర్ ప్రాంతంలో బలాయీలు జరీ అంచు తలపాగా చుట్టకూడదు, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారం పెట్టుకోకూడదు అన్నారు. 1935లో అహ్మదాబాద్ జిల్లా జనూలో అంటరాని ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నందుకు కొట్టారు. ఎక్కడ చూసినా మన ఒంటి మీద మెరిసే లోహమే వాళ్లకు కంట్లో నలుసు. మట్టికుండైతే ఎవడూ బిల్లు అడగడు.

మొన్న ఒక ఉద్యమ మిత్రుడు కోపంగానే అడిగాడు, "అన్నా, లక్ష పెట్టి వాచీనా?" అని. న్యాయమైన ప్రశ్నే. నేను దాటెయ్యను. వెయ్యి రూపాయల క్వార్ట్జ్ క్యాసియో నా ఆటోమేటిక్ కంటే కచ్చితంగా టైమ్ చూపిస్తుంది. నాది రోజుకు కొన్ని సెకన్లు తప్పుతుంది, దానిది నెలకు అంత. లక్ష ధరలో యంత్రం విలువ ఎంత, పేరు విలువ ఎంత అని లెక్క తీస్తే సిగ్గేస్తుంది. వాచీ కడితే విముక్తి రాదు. ఈఎంఐ మీద కొంటే అప్పు మాత్రం వస్తుంది, కొనకండి. కానీ 'నీకెందుకు' అనే మాట నాకు రెండు వైపుల నుంచీ వినబడుతున్నది. ఆ రెండు గొంతుల్లో ఏది ఏదో పోల్చుకోవడం ఒక్కోసారి కష్టం.

స్టాఫ్‌రూంలో అయితే ఏ కష్టమూ లేదు, సులభంగా పోల్చుకోవచ్చు. "డాక్టర్ సాబ్, డూప్లికేట్లు ఈ మధ్య బాగా చేస్తున్నారండీ" అన్నాడొక సీనియర్. ఆయన చేతికున్నది ఏదో నేనెప్పుడూ అడగలేదు. నా సిద్ధాంత గ్రంథాన్ని కూడా ఆయన ఇలాగే, చివరి పేజీ వైపు నుంచి తిప్పి చూశాడు. యూనివర్సిటీ ముద్ర ఉన్న డిగ్రీకే "ఏ కోటాలో" అని అడిగేవాళ్లకు, డిస్కౌంట్‌లో వచ్చిన అసలు సరుకు అనే మాట ఎంత నచ్చుతుందో! (ఈ పోలికను ఇంకా లాగను. వాచీ వస్తువు. మేం మనుషులం. మాకెవడూ ఆథరైజ్డ్ డీలర్ లేడు.)

పరిగి నుంచి ఆ రాత్రి ఇంటికి చేరేసరికి నాయిన మంచంలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు పోయాయి, బండల పని మిగిల్చినవి అవే. వాచీ విప్పి ఆయన చేతిలో పెట్టాను. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"కీ ఏడున్నది?"

"దీనికి కీ అక్కర్లేదు నాయినా. చెయ్యి కదిలితే అదే తిరుగుతది."

"అయితే కూసున్నోని చేతికి ఆగిపోతదన్నట్టు."

"రెండు రోజులు కట్టకుంటే ఆగిపోతది."

నవ్వాడు. ఆయన చేతికి పెట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "బిల్లున్నదా కొడుకా?"

ఉందన్నాను. పర్సు తీశాను. బిల్లు, దానితోపాటు వారంటీ కార్డు కూడా చేతికిచ్చాను. ఆయనకు చదువు రాదు. లైటు కిందికి జరిగి రెండూ తిప్పి తిప్పి చూశాడు. కార్డు మీద డీలర్ ముద్ర వెయ్యాల్సిన ఖాళీ గడి ఒకటుంటుంది. సరిగ్గా దాని మీద వేలు పెట్టాడు.

"ముద్ర ఏది?"